మానవ శాఖల కలయిక గురించిన వార్తను పరీక్షించి చదవడం ఎలా?

సైబీరియాలోనో పోర్చుగల్‌లోనో ఒక చిన్న ఎముక ముక్క దొరుకుతుంది. కొన్నాళ్ళకు "రెండు మానవ జాతులకు పుట్టిన బిడ్డ" అన్న శీర్షికతో ఆ వార్త మన ఫోన్లలోకి వస్తుంది. ఇటువంటి వార్తల్లో కొన్ని అక్షరాలా నిజం. కొన్ని బలమైన ఊహలు. మరికొన్నింటిలో పరిశోధకులు ఎంతో జాగ్రత్తగా అన్న మాట శీర్షికకు ఎక్కేసరికి తీర్పుగా మారిపోయి ఉంటుంది. మూడింటినీ ఒకే నమ్మకంతో చదివితే నిజమైన ఆవిష్కరణకు దక్కవలసిన ఆశ్చర్యం కూడా దానికి దక్కకుండా పోతుంది. అందుకే, సైన్సు మీద ఆసక్తి ఉన్న పాఠకులు, తరగతిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు, పత్రికలకు రాసేవారు ఇటువంటి వార్తను ఏ వరుసలో పరిశీలించాలో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి జీవశాస్త్రంలో పట్టా అవసరం లేదు. పదో తరగతి స్థాయి పరిజ్ఞానం, ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక పేజీ సిద్ధం చేసుకోండి

నోటుపుస్తకంలో ఒక పేజీని అడ్డంగా తిప్పి ఐదు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అన్నది రాయాలి. రెండో గడిలో దాని వయస్సునూ ఆ వయస్సును ఏ పద్ధతితో లెక్కగట్టారన్నదీ రాయాలి. మూడోది సాక్ష్యం ఏ రకానిదన్న గడి. నాలుగోది ఆ నమూనాను ఎవరి నమూనాలతో పోల్చారన్నది. చివరి గడిలో పరిశోధకులు చెప్పిన మాటను ఒక్క వాక్యంలో రాయాలి. శీర్షికలో ఉన్న వాక్యాన్ని ఈ గడిలోకి ఎక్కించకండి. ప్రతి నమోదు కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి. వాటి అవసరం చివర్లో తెలుస్తుంది.

ఈ వార్తల్లో తరచుగా కనిపించే పేర్లు మూడు. మొదటిది మన శాఖ, అంటే ఆఫ్రికాలో రూపుదిద్దుకున్న ఆధునిక మానవులు. రెండోది 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో, సున్నపురాయి క్వారీ పనివారికి దొరికిన ఎముకల వల్ల పేరు పొందిన నియాండర్తల్ మానవులు. వీరు యూరప్‌లోను, పశ్చిమాసియాలోను, సైబీరియా దాకాను బతికి, దాదాపు 40,000 ఏళ్ళ కిందట కనుమరుగయ్యారు. మూడోవారు డెనిసోవన్లు. వీరి కథ వేరు. సైబీరియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో డెనిసోవా గుహలో 2008లో దొరికిన ఒక చిటికెన వేలి ఎముక ముక్క నుంచి తీసిన డీఎన్‌ఏ ద్వారానే 2010లో వీరి ఉనికి లోకానికి తెలిసింది. అప్పటికి వీరి ముఖం ఎలా ఉండేదో చెప్పగల పుర్రె ఒక్కటి కూడా పరిశోధకుల చేతిలో లేదు. ఎముకల ఆకారం ఆధారంగా కాక, డీఎన్‌ఏ ఆధారంగా గుర్తించిన మొదటి మానవ శాఖ ఇదే.

సాక్ష్యం ఏ రకమో తేల్చుకోండి

ఐదు గడుల్లోనూ మూడో గడి అతి ముఖ్యమైనది. ఆ గడి నింపకుండా మిగతావి ఎంత చదివినా ప్రయోజనం ఉండదని నా నమ్మకం. సాక్ష్యం నాలుగు రకాలుగా వస్తుంది: ఎముక ఆకారం, ప్రొటీను, మైటోకాండ్రియా డీఎన్‌ఏ, కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ. వార్త ఎంత చిన్నదైనా ఈ నాలుగింటిలో ఒకటి అందులో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. అది కనిపించకపోతే ఆ వార్తను పక్కన పెట్టి, మరోచోట ఆ పరిశోధన గురించి వెతకండి.

ఎముక ఆకారం చూసి కలయికను గుర్తించడం కష్టం. పోర్చుగల్‌లో లపేడో లోయలోని లాగర్ వెల్యో దగ్గర 1998లో, నాలుగేళ్ళ వయస్సు గల బిడ్డ సమాధి దొరికింది. గడ్డం ఆధునిక మానవుల గడ్డంలా ఉంది, కాళ్ళ ఎముకలు మాత్రం నియాండర్తల్ మానవుల ఎముకల్లా పొట్టిగా, దృఢంగా ఉన్నాయి. మరుసటి ఏడు ఆ బిడ్డను పరిశీలించిన బృందం, రెండు శాఖలూ కలిసిన జనాభా వారసత్వం ఇందులో ఉందని వాదించింది. మరికొందరు మాత్రం, కాస్త బలంగా పుట్టిన మామూలు ఆధునిక మానవ శిశువేనని తోసిపుచ్చారు. ఆ బిడ్డ బతికిన కాలానికి నియాండర్తల్ మానవులు కనుమరుగై పది వేల ఏళ్ళు దాటింది. కాబట్టి తల్లి ఒక శాఖ, తండ్రి మరో శాఖ అనే ప్రసక్తి అక్కడ లేదు. మొదటి బృందం కూడా ఆ మాట అనలేదు. అన్నది శీర్షికలే. కలయిక జరిగిందన్న వారి మూల వాదన తర్వాత డీఎన్‌ఏ ద్వారా నిజమని తేలింది. కానీ ఈ ఒక్క బిడ్డ విషయంలో మన గడిలో రాయవలసింది "ఆకారం మాత్రమే" అని. ఇజ్రాయెల్‌లో కార్మెల్ పర్వతం మీది స్ఖూల్ గుహలో 1931లో దొరికిన, దాదాపు 1,40,000 ఏళ్ళ నాటి పసిబిడ్డ పుర్రెను సీటీ స్కాన్‌తో మళ్ళీ పరిశీలించి, రెండు శాఖల లక్షణాలూ ఉన్నాయని 2025లో ప్రకటించారు. దానికీ అదే నమోదు.

ప్రొటీన్లు డీఎన్‌ఏ కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. టిబెట్ పీఠభూమి మీద బైషియా గుహలో 1980లో ఒక బౌద్ధ భిక్షువుకు దొరికిన దవడలో డీఎన్‌ఏ మిగల్లేదు. అయినా ప్రొటీను సాక్ష్యంతో 2019లో అది డెనిసోవన్ దవడ అని తేల్చారు. దాని వయస్సు కనీసం 1,60,000 ఏళ్ళు. అయితే ప్రొటీనులో శాఖకూ శాఖకూ తేడా చూపే అక్షరాలు (అంటే దాన్ని కూర్చిన అమైనో ఆమ్లాలు) ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. ఈ మనిషి ఏ శాఖకు దగ్గర అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పగలదు. ఇతని పూర్వీకుల్లో ఎవరెవరు కలిశారన్న ప్రశ్నకు చెప్పడం దాదాపు అసాధ్యం.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ దగ్గర పాఠకులు ఎక్కువగా పొరబడతారు కాబట్టి కాస్త ఆగి చదవండి. ఇది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు అందుతుంది. మీ అమ్మది, ఆమెకు మీ అమ్మమ్మది, ఆమెకు ఆమె తల్లిది అలా పైకి ఒకే గీతగా వెళుతుంది. మీ నాయనమ్మ మైటోకాండ్రియా మీ నాన్నగారి దాకా వచ్చి ఆగిపోతుంది, మీకు రాదు. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది కదా, ఇది దానికి సరిగ్గా తిరగేసిన వరుస. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని ఒక మనిషి వంశం మొత్తం లెక్కగడితే అమ్మమ్మగారి ఊరు, తాతగారి అమ్మగారి ఊరు అన్నీ లెక్కలోంచి జారిపోతాయి. మైటోకాండ్రియాను మాత్రమే పట్టుకుంటే అదే పొరపాటు మరో వైపు నుంచి జరుగుతుంది.

ఈ పొరపాటు శాస్త్ర చరిత్రలో నిజంగానే జరిగింది. నియాండర్ లోయలో దొరికిన మొదటి ఎముక నుంచే 1997లో స్వాంటే పేబో అనే జన్యు శాస్త్రవేత్త బృందం మైటోకాండ్రియా డీఎన్‌ఏను తీసింది. అది నేటి మనుషుల్లో ఎవరితోనూ కలవలేదు. దాంతో నియాండర్తల్ మానవులు మనతో కలవలేదన్న అభిప్రాయం బలపడి పదేళ్ళకు పైగా నిలిచింది. 2010లో అదే పేబో నాయకత్వంలో, క్రొయేషియాలోని విండియా గుహ ఎముకల నుంచి, తల్లీ తండ్రీ ఇద్దరి వైపు నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏను చదివినప్పుడు, ఆఫ్రికా వెలుపలి ప్రజల జన్యుపటంలో (అంటే మొత్తం డీఎన్‌ఏలో) 1 నుంచి 4 శాతం నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిందని బయటపడింది. మొదటి సాక్ష్యం తప్పు కాదు, దాని నుంచి తీసిన నిర్ణయమే దాని శక్తికి మించినది. పేబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి కలయిక గురించిన మాట అయితే, మూడో గడిలో "కేంద్రక డీఎన్‌ఏ" అని ఉన్నదా అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

ఒక నమోదును దగ్గర నుంచి చూడండి

ఇప్పుడు ఒక పూర్తి ఉదాహరణను గడి తర్వాత గడిగా నింపుదాం. డెనిసోవా గుహలో 2012లో దొరికిన ఒక ఎముక ముక్కను తీసుకోండి. పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. చూడ్డానికి అది మనిషిదో, దుప్పిదో, హైనాదో ఎవరూ చెప్పలేరు. గుహ నిండా హైనాలు నమిలి వదిలిన అటువంటి ముక్కలు వేలకు వేలు ఉన్నాయి. పరిశోధకులు 2,000కు పైగా ముక్కల నుంచి రవ్వంత పొడి తీసి, అందులోని కొల్లాజెన్ ప్రొటీనును ఒక్కొక్కటిగా పరీక్షించారు. మామత్ ఏనుగులు, ఖడ్గమృగాలు, గుర్రాలు, తోడేళ్ళు తేలాయి. వాటి మధ్య ఒక్క ముక్క మాత్రం మానవ కుటుంబానిదని తేలింది. ఎముక గోడ మందాన్ని బట్టి ఆ మనిషి వయస్సు కనీసం 13 ఏళ్ళని అంచనా కట్టారు. ఇది మొదటి గడి.

రెండో గడికి వస్తే, ఎముకలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయస్సు చెప్పే రేడియోకార్బన్ పద్ధతి ఆ ఎముక 50,000 ఏళ్ళకు పైబడినదని మాత్రమే చెప్పింది. ఆ పద్ధతి అంతకంటే వెనక్కి చూడలేదు. ఏ వార్తలోనైనా 50,000 ఏళ్ళు దాటిన వయస్సును రేడియోకార్బన్‌తో లెక్కగట్టారని ఉంటే అక్కడ ఏదో తేడా జరిగిందని గుర్తించండి. తర్వాత జన్యు లెక్కలను బట్టి దాని వయస్సు దాదాపు 90,000 ఏళ్ళని తేల్చారు.

మూడో గడిలోకి మొదట చేరినది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. 2016లో దాన్ని చదివితే అది నియాండర్తల్ రకమని తెలిసింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ మనిషి మరో నియాండర్తల్‌గా జాబితాలో చేరి ఉండేది. వీవియన్ స్లాన్ అనే పరిశోధకురాలు కేంద్రక డీఎన్‌ఏ తీసి చూడగా, శాఖల మధ్య తేడా తెలిపే చోట్ల 38.6 శాతం ముక్కలు నియాండర్తల్ మానవులతోను, 42.3 శాతం ముక్కలు డెనిసోవన్లతోను సరిపోయాయి. రెండూ దాదాపు సమానం. ఇటువంటి ఫలితం వస్తే మొదట రావలసిన అనుమానం, రెండు నమూనాలు ప్రయోగశాలలో కలిసిపోయాయేమో అని. అందుకే వారు అదే ఎముక నుంచి మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసి పరీక్షించారు. ఫలితం మారలేదు.

అయినా ఇంకో ప్రశ్న మిగిలింది. ఈమె తల్లి ఒక శాఖ, తండ్రి మరో శాఖా? లేక తల్లీ తండ్రీ ఇద్దరూ అప్పటికే కలిసిపోయిన జనాభాకు చెందినవారా? రెండు సందర్భాల్లోనూ మొత్తం శాతం సగం సగంగానే రావచ్చు. తేడాను పట్టుకున్న తీరు నాకు ఎంతో అందంగా అనిపిస్తుంది. మనలో ప్రతి క్రోమోజోము జతగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తల్లిదండ్రులు ఇద్దరూ కలగలుపు మనుషులైతే, కొన్ని చోట్ల జతలోని రెండు ప్రతులూ నియాండర్తల్‌వి, కొన్ని చోట్ల రెండూ డెనిసోవన్‌వి అయి ఉండాలి. ఈ అమ్మాయిలో దాదాపు ప్రతిచోటా ఒక ప్రతి నియాండర్తల్‌ది, రెండో ప్రతి డెనిసోవన్‌ది. అంటే తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్. తల్లి ఎవరన్నది మైటోకాండ్రియా ముందే చెప్పింది. నేచర్ పత్రికలో ఈ ఫలితం 2018 ఆగస్టులో వెలువడింది. పరిశోధకులు ఆమెను డెనీ అని పిలుచుకున్నారు.

నాలుగో గడి ఇంకా లోతైన సంగతి చెబుతుంది. డెనీ తల్లి వైపు డీఎన్‌ఏను రెండు నియాండర్తల్ నమూనాలతో పోల్చారు. ఒకటి అదే గుహలో దొరికిన, ఆమెకంటే పాతకాలపు నియాండర్తల్. మరొకటి వేల కిలోమీటర్ల దూరాన క్రొయేషియాలో, ఆమె తర్వాత బతికిన నియాండర్తల్. తల్లి దగ్గరగా వచ్చింది క్రొయేషియా నమూనాకు. అంటే ఆ గుహలో ఒకప్పుడు బతికిన నియాండర్తల్ వంశం స్థానంలో పశ్చిమాన ఉన్న వంశానికి దగ్గరివారు వచ్చి ఉండాలి. తండ్రి వైపు చూస్తే, అక్కడక్కడ రెండు ప్రతులూ నియాండర్తల్‌వే అయిన చిన్న చిన్న తునకలు కనిపించాయి. తండ్రి డెనిసోవనే అయినా, వందల తరాల కిందటి అతని పూర్వీకుల్లో కూడా ఒక నియాండర్తల్ ఉన్నాడన్నమాట. అంగుళం ఎముక ముక్కలో ఇన్ని తరాల రాకపోకలు దాగి ఉన్నాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తగ్గదు.

ఐదో గడిలో ఇక నిశ్చింతగా రాయవచ్చు: తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, మొదటి తరం సంతానం.

కలయిక ఎన్ని తరాల కిందటిదో చూడండి

డెనీ వంటి మొదటి తరం బిడ్డ దొరకడం అరుదు. ఎక్కువ వార్తలు ఎప్పుడో జరిగిన కలయిక ఆనవాళ్ళ గురించే ఉంటాయి. అప్పుడు మీరు వెతకవలసిన వివరం, వారసత్వంగా వచ్చిన డీఎన్‌ఏ తునకల పొడవు. పొలం పంపకాలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ముత్తాత నాటి పది ఎకరాల చెక్క, తాతల నాటికి ఐదై, తండ్రుల నాటికి రెండున్నరై, మన నాటికి కుంటల్లోకి దిగుతుంది. చెక్క పరిమాణం చూసి ఎన్ని పంపకాలు జరిగాయో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. క్రోమోజోములు కూడా తరతరానికీ తెగి, అటూ ఇటూ అతుక్కుంటాయి కాబట్టి, పరాయి శాఖ నుంచి వచ్చిన తునకలు తరాలు గడిచేకొద్దీ చిన్నవవుతాయి. తునకలు పొడవుగా ఉంటే కలయిక దగ్గరి కాలానిది, చిన్నవైతే దూరపు కాలానిది.

దీనికి అందమైన సాక్ష్యం రొమేనియాలో ఉంది. అక్కడి ఓసే గుహలో 2002లో దొరికిన దవడ ఎముక ఆధునిక మానవునిదే. అందులో నియాండర్తల్ లక్షణాలు కలిసి ఉన్నాయని ఆకారం చూసినవారు ముందునుంచీ అంటూ వచ్చారు. 2015లో దాని కేంద్రక డీఎన్‌ఏ చదివితే, 6 నుంచి 9 శాతం నియాండర్తల్ వారసత్వం ఉందని, ఆ తునకలు క్రోమోజోముల్లో పెద్ద పెద్ద భాగాలుగా ఉన్నాయని తేలింది. దాన్నిబట్టి అతనికి నాలుగు నుంచి ఆరు తరాల పైన ఒక నియాండర్తల్ పూర్వీకుడు ఉన్నాడని లెక్కగట్టారు. అంటే ముత్తాతకు తండ్రో, ఆ పైవాడో. ఆ దవడ వయస్సు 37,000 నుంచి 42,000 ఏళ్ళు. అయితే అతని వంశం తర్వాతి యూరప్ ప్రజల్లో చెప్పుకోదగ్గ ఆనవాలు వదల్లేదు. ఈ చివరి వాక్యాన్ని కూడా మీ ఐదో గడిలో రాసుకోవాలి. కలయిక జరగడం వేరు, దాని వారసత్వం మన దాకా రావడం వేరు.

మన దాకా వచ్చిన కలయిక సంగతి సైబీరియాలోని ఉస్త్ ఇషీమ్ దగ్గర దొరికిన తొడ ఎముక చెప్పింది. దాని వయస్సు దాదాపు 45,000 ఏళ్ళు. అందులోని తునకలు మన వాటికంటే పొడవైనవి, ఓసే మనిషి వాటికంటే పొట్టివి. వాటిని బట్టి కలయిక 50,000 నుంచి 60,000 ఏళ్ళ కిందటిదని 2014లో లెక్కవేశారు. 2024లో మరిన్ని ప్రాచీన నమూనాలతో చేసిన లెక్కలు దాన్ని ఇంకాస్త ఇటు జరిపి, సుమారు 50,000 నుంచి 43,000 ఏళ్ళ మధ్య నిలిపాయి. ఒక్క రోజు సంఘటనగా కాక వేల ఏళ్ళ పాటు సాగినదిగా దాన్ని చూపాయి. వార్తలో ఒకే ఒక తేదీ ఇస్తే దాన్ని నడుమ అంకెగా తీసుకుని, రెండు వైపుల హద్దుల కోసం వెతకండి.

పోలికకు మరో కారణం ఉందేమో అడగండి

ఇద్దరి డీఎన్‌ఏలో ఒకే అక్షరం కనిపించినంత మాత్రాన వారు కలిశారని కాదు, ఇద్దరికీ ఒకే పూర్వీకుని నుంచి అది వచ్చి ఉండవచ్చు. దీన్ని తేల్చే పద్ధతి పాత తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుల పద్ధతిని పోలి ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒప్పు పాఠం ఒకటే అయితే వాటి చుట్టరికం గురించి ఏమీ తెలియదు. ఒకే చోట ఒకే తప్పు ఉంటేనే ఒకటి మరొకదాన్ని చూసి రాసిందని, లేదా రెండింటికీ ఒకే మూలం ఉందని అనుమానిస్తారు. జన్యు పరిశోధకులు కూడా చింపాంజీ డీఎన్‌ఏను మూలపాఠంగా పెట్టుకుని, దాని నుంచి మారిన అక్షరాలు ఎవరెవరిలో కలిసి కనిపిస్తాయో లెక్కిస్తారు. యూరప్, ఆసియా ప్రజలూ ఆఫ్రికా ప్రజలూ నియాండర్తల్ మానవులకు సమాన దూరంలో ఉంటే, మారిన అక్షరాలు ఇద్దరిలోనూ సమానంగా పోలాలి. అలా పోలలేదు. ఆఫ్రికా వెలుపలి వారిలో పోలిక ఎక్కువ. 2010 నాటి నిర్ణయానికి మూలం ఈ అసమానతే.

దానికీ ఒక ఎదురు వాదన వచ్చింది. ఆఫ్రికాలోనే పూర్వం జనాభా విడివిడి గుంపులుగా ఉండి, నియాండర్తల్ పూర్వీకులకు దగ్గరి గుంపు నుంచే మనవాళ్ళు బయలుదేరి ఉంటే, కలయిక లేకుండానే ఈ పోలిక రాదా అన్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు మళ్ళీ తునకల పొడవే ఇచ్చింది. పోలిక అంత పాతదైతే తునకలు ఇప్పుడున్నంత పొడవుగా మిగలవు.

కలుషితం గురించి కూడా ఒక మాట వెతకండి. తవ్వినవారి చెమట, తుమ్ము నుంచి కూడా డీఎన్‌ఏ ఎముక మీదికి చేరుతుంది. ప్రాచీన డీఎన్‌ఏకు ఒక గుర్తు ఉంది. అది చిన్న చిన్న ముక్కలుగా తెగి ఉంటుంది. ముక్కల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం పాడై, చదివేటప్పుడు థైమిన్‌గా కనిపిస్తుంది. ఆ గుర్తు ఉన్న ముక్కలను మాత్రమే తీసుకుని లెక్క మళ్ళీ చేసి చూశారా అన్నది మంచి పరిశోధన వార్తలో ఉంటుంది.

శాతాలను విడదీసి చదవండి

ఒకే వార్తలో మూడు రకాల శాతాలు కలగాపులగంగా వస్తాయి. మనకూ నియాండర్తల్ మానవులకూ డీఎన్‌ఏ అక్షరాల పోలిక 99.7 శాతం. ఇది సారూప్యం. ఆఫ్రికా వెలుపలి ప్రజల్లో నియాండర్తల్ వారసత్వం దాదాపు 2 శాతం. ఇది పూర్వీకుల లెక్క. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. మొదటిది రెండు పుస్తకాల్లో ఎన్ని మాటలు ఒకటే అన్న లెక్క అయితే, రెండోది మన పుస్తకంలో ఎన్ని పుటలు ఆ రెండో పుస్తకం నుంచి నేరుగా వచ్చాయన్న లెక్క. ఆఫ్రికా ప్రజల్లో సున్నా అని కొన్ని చోట్ల రాస్తారు, అది సరికాదు. యూరప్, ఆసియాల నుంచి తిరిగి ఆఫ్రికాకు వెళ్ళినవారి ద్వారా అక్కడ కూడా కొద్దిగా చేరింది.

మూడోది మనకు సంబంధించినది. కోవిడ్ కాలంలో "దక్షిణాసియా ప్రజల్లో 50 శాతం నియాండర్తల్" అన్న అర్థం వచ్చే సందేశాలు తిరిగాయి. అసలు సంగతి ఏమిటంటే, మూడో క్రోమోజోము మీద దాదాపు 50,000 అక్షరాల పొడవున్న ఒక తునక కోవిడ్ తీవ్రం కావడానికి అవకాశం పెంచుతుందని, అది నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిందని, 2020లో హ్యూగో జెబర్గ్, పేబో చూపించారు. ఆ తునకకు కనీసం ఒక ప్రతి ఉన్నవారు దక్షిణాసియాలో సుమారు సగం మంది, యూరప్‌లో 16 శాతం మంది. సగం మందిలో ఒక చిన్న తునక ఉండటం వేరు, ప్రతి మనిషిలో సగం నియాండర్తల్ ఉండటం వేరు. శాతం కనిపించిన ప్రతిచోటా, "దేనిలో శాతం?" అని పెన్సిలుతో పక్కన రాయండి. మనుషుల్లోనా, అక్షరాల్లోనా?

భారతదేశం పేరు వచ్చిన వార్తలను వేరు చేయండి

హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ 2009లో హార్వర్డ్ పరిశోధకులతో కలిసి, నేటి భారతీయుల్లో ఉత్తర, దక్షిణ పూర్వీక జనాభాలు రెండు కలిసి ఉన్నాయని చూపారు. ఆ కలయిక గత కొన్ని వేల ఏళ్ళలో జరిగినది. ఆ రెండు జనాభాలూ ఆధునిక మానవులవే. దాన్ని నియాండర్తల్ కలయికతో ముడిపెట్టి రాసినవి నేను చదివాను. ఈ రెండింటినీ ఒకే పేజీలో నమోదు చేయకండి. దీనికి భిన్నంగా, 2,700కు పైగా భారతీయుల జన్యుపటాలను చదివి 2025లో ప్రచురించిన పరిశోధన మన అంశానికే చెందుతుంది. మనలో చెల్లాచెదురుగా ఉన్న నియాండర్తల్ తునకలన్నీ పోగుచేస్తే, ఆ శాఖ జన్యుపటంలో దాదాపు సగం తిరిగి దొరుకుతుందని అది చూపింది. ఒక్కొక్కరిలో ఉన్నది ఒకటి రెండు శాతమే అయినా, ఎవరి తునక వారిది.

శిలాజాల విషయానికి వస్తే మన వేడి నేల డీఎన్‌ఏకు శత్రువు. డెనిసోవా గుహలో ఏడాది పొడవునా చలి ఉండటం వల్లనే అంత డీఎన్‌ఏ మిగిలింది. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర, సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొర ఉంది. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అద్భుతమైన చోటు. కానీ ఆ పనిముట్లతో పాటు చేసినవారి ఎముకలు దొరకలేదు. రాతి పనిముట్టు ఏ శాఖ చేతిదో రాయి తనంతట తాను చెప్పదు. కాబట్టి జ్వాలాపురాన్ని కలయిక వార్తలో సాక్ష్యంగా వాడితే మూడో గడిలో "పనిముట్లు మాత్రమే" అని రాసి, ఐదో గడి ఖాళీగా ఉంచండి.

గడి కింద ఖాళీ గీతలను వాడుకోండి

స్పెయిన్‌లోని సీమా దె లోస్ ఉయేసోస్ గుహలోని ఎముకలకు వయస్సు దాదాపు 4,30,000 ఏళ్ళు. వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ డెనిసోవన్లకు దగ్గరగా ఉందని 2013లో వార్తలు వచ్చాయి. 2016లో కేంద్రక డీఎన్‌ఏ చదివితే వారు నియాండర్తల్ మానవుల తొలి శాఖవారని తేలింది. మొదటి నమోదును కొట్టేయకండి. దాని కింద కొత్త సాక్ష్యాన్ని, ఏడాదిని రాయండి. చైనాలోని హార్బిన్ పుర్రెకు కూడా అటువంటి రెండు గీతలు కావాలి. 2021లో ఆకారం చూసి దాన్ని హోమో లాంగీ అనే కొత్త జాతిగా ప్రకటించారు. 2025లో పుర్రె ఎముకలోని ప్రొటీన్లు, పంటి మీద పేరుకున్న గారలో మిగిలిన మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదివి, అది డెనిసోవన్ పుర్రె అని తేల్చారు. పదిహేనేళ్ళుగా ముఖం లేని శాఖకు ముఖం దొరికింది. ఆ పుర్రెలో కేంద్రక డీఎన్‌ఏ మాత్రం దొరకలేదు కాబట్టి, ఆ మనిషి పూర్వీకుల కలయికల గురించి ఏ వార్త ఏం చెప్పినా, మూడో గడిని మరోసారి చూసుకోవాలి.

మీ నోటుపుస్తకంలో ఒక వరుసను మధ్యప్రదేశ్‌లోని హత్నోరా కోసం ఉంచండి. నర్మదా తీరాన అక్కడ 1982లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన అరుణ్ సోనాకియాకు ప్రాచీన మానవుని పుర్రె పైభాగం దొరికింది. అతను దాన్ని హోమో ఎరెక్టస్ అనే మరింత పాత మానవ జాతిగా గుర్తించగా, తర్వాత పరిశీలించినవారు కొందరు మన జాతి అయిన హోమో సేపియన్స్ ప్రాచీన రూపమన్నారు. ఇంకొందరు వేరే పేర్లు పెట్టారు. మూడో గడిలో ప్రస్తుతానికి "ఆకారం మాత్రమే" అని రాయండి. దాని కింద నాలుగు గీతలు వదిలి, పేజీ తిప్పండి.